నింద ఎవరి మీద?

మాది దోమకొండ. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా మేము నిజామాబాద్ జిల్లా వాళ్లమే. ఆ జిల్లా పల్లెల్లో పాతుకుపోయిన దురాచారం జోగిని. ఊహ తెలియని ఆడపిల్లకు, ఎక్కువగా దళితుల బిడ్డకు, పసుపు రాసి, తాళి కట్టి, పోశమ్మకో ఎల్లమ్మకో ఇచ్చేవారు. ఈడొచ్చాక ఆమె మీద ఊరి పెద్దలు హక్కు చలాయించేవారు. జాతరలోనూ శవయాత్రలోనూ ఆమే ఆడాలి. ఆమెను చెరిస్తే ఊరి లెక్కలో అది నేరమే కాదు. “జోగినికి మానమేంది?” అనేవారు. చెరిచినవాడు పెద్దమనిషిగానే ఉండేవాడు, చెడ్డపేరు ఆమెకు మిగిలేది.

1980లలో సంఘ సంస్కర్త హేమలతా లవణం ఈ జిల్లాలో జోగినుల పునరావాసానికి పూనుకున్నారు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఈ ఆచారాన్ని నిషేధించింది.

పట్నం బుద్ధీ ఇంతకంటే మెరుగ్గా లేదు. 1978లో రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక యువతిపై హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో అత్యాచారం జరిగింది. ఆమె భర్త, రిక్షా కార్మికుడు, దెబ్బలకు చనిపోయాడు. పోలీసులు ఆమెను వేశ్యగా చూపబోయారు. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుబట్టింది. అయినా 1981లో, కేసు బదిలీ అయిన రాయచూరు కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. బాధితురాలి నడతను ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని దెబ్బతీసే వీలు సాక్ష్య చట్టంలోనే ఉండేది. 155(4) అనే ఆ నిబంధన 2002 సవరణతో గానీ పోలేదు.

చట్టం మారింది. మన నోళ్లు మారలేదు. “ఆ వేళ ఆమెకు అక్కడేం పని?” అని ఇకనైనా అడగకండి. చెరిచినవాణ్ని నిలదీయండి.