డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో ఫైళ్ల వినియోగం (విండోస్, లినక్స్)

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నప్పుడు ఒకదాని ఫైళ్లను మరోదాని నుంచి తెరిచి మార్చే ఏర్పాట్ల చరిత్ర ఇది. హార్డ్ డిస్కు ఒకటే అయినా, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టం దేనిది దానికే ఉంటుంది. ఆ పద్ధతి తెలియకపోతే అవతలి పార్టిషన్‌లో ఏముందో బోధపడదు.

డాస్, విండోస్ 95 రోజుల్లో చిక్కు లేదు. వాటి ఫ్యాట్ పద్ధతి సరళమైనది. వెర్నర్ ఆల్మెస్‌బర్గర్ రాసిన డ్రైవర్‌తో లినక్స్ తొలినాళ్లలోనే దాన్ని చదివింది, రాసింది.

1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టం వచ్చింది. దాని పూర్తి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ ప్రచురించలేదు. మార్టిన్ ఫోన్ లోవిస్ 1995లో మొదలుపెట్టిన డ్రైవర్ 1997 డిసెంబరులో లినక్స్ కెర్నల్ 2.1.74లో చేరింది. చదవడం వరకు అది నమ్మదగినదే. రాయడం వేరే సంగతి: కొత్త ఫైలు చేరితే ప్రధాన పట్టిక, ఖాళీ జాగాల పటం, ఫోల్డర్ సూచిక, లాగ్ అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒక్కటి తప్పినా పార్టిషన్ పాడయ్యే ప్రమాదం ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇంటి కంప్యూటర్లకూ చేరడంతో ఈ లోటు అందరికీ తగిలింది. 2002లో ఆంటన్ అల్తాపర్మకోవ్ తిరగరాసిన డ్రైవర్ కూడా మొదట్లో, అప్పటికే ఉన్న ఫైలును, పరిమాణం మారకుండా, తిరగరాయడానికే ఒప్పుకుంది. దాంతో చాలామంది ఇరువైపులా పనికొచ్చేలా ఒక ఫ్యాట్32 పార్టిషన్‌ను విడిగా ఉంచుకునేవారు. అందులో 4 జీబీ ఫైలు పట్టదు.

2003లో యాన్ క్రాటోఖ్విల్ సాహసించి, విండోస్ సొంత డ్రైవర్‌నే లినక్స్‌లో నడిపే 'క్యాప్టివ్'ను తెచ్చాడు. పని చేసింది కానీ నెమ్మది. అసలు మలుపు ఫ్యూజ్‌తో వచ్చింది. కెర్నల్ బయట మామూలు ప్రోగ్రాంగానే ఫైల్ సిస్టంను నడపనిచ్చే ఈ ఏర్పాటును మిక్లోష్ సెరెది రూపొందించగా, 2005లో కెర్నల్ 2.6.14 చేర్చుకుంది. దాని మీద సబోల్చ్ సకాచిత్స్ 2006 జులైలో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీని ప్రకటించాడు. 2007 ఫిబ్రవరిలో 1.0 వెలువడింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఉబుంటు 7.10లో విండోస్ పార్టిషన్‌పై రాయడం మామూలు సౌకర్యమైంది. పదేళ్ల నిరీక్షణను తీర్చిన ఈ ప్రశంసనీయమైన పని తర్వాత సకాచిత్స్ టక్సెరా సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు.

ఫైళ్ల పేర్లతోనూ ఒక చిక్కుండేది: ఎన్‌టీఎఫ్‌ఎస్ వాటిని యూనికోడ్‌లో దాస్తుంది. పాత లినక్స్‌లలో పార్టిషన్‌ను మౌంట్ చేసేటప్పుడు (వాడకానికి జోడించేటప్పుడు) యూటీఎఫ్-8 అని చెప్పకపోతే తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపించేవి.

2012లో విండోస్ 8 తెచ్చిన ఫాస్ట్ స్టార్టప్ కొత్త తలనొప్పి. షట్ డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది కనుక, ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఆ పార్టిషన్‌పై రాయనివ్వదు. ఆ సౌకర్యాన్ని ఆపేయడమే విరుగుడు. పారగాన్ సంస్థ రాసిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ 2021 అక్టోబరులో కెర్నల్ 5.15తో వచ్చింది. అల్తాపర్మకోవ్ తిరగరాసిన పాత డ్రైవర్‌ను 2024లో కెర్నల్ 6.9 నుంచి తొలగించారు.

విండోస్ నుంచి లినక్స్ ఫైళ్లు చూడటానికి ఎక్స్‌ట్2ఎఫ్‌ఎస్‌డీ వంటి బయటివారి సాధనాలే చాలాకాలం దిక్కు. 2020లో మైక్రోసాఫ్ట్, విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2కు డిస్కును మౌంట్ చేసే ఆదేశాన్ని చేర్చింది. అయితే అక్కడ ఆ ఫైళ్లను చదివేది విండోస్ కాదు, లోపల నడిచే లినక్స్ కెర్నలే. పైగా అది డిస్కును మొత్తంగానే తీసుకుంటుంది, కాబట్టి విండోస్ ఉన్న డిస్కులోనే లినక్స్ పార్టిషన్ ఉన్నవారికి అది పనికిరాదు.