పాలమూరు, నల్లగొండ జిల్లాలలో ఇనుము అతుకు విద్య

పెద్ద ఆనకట్టల చరిత్ర వ్రాసిన చోట్ల పాలమూరు కూలీ పేరు కనబడుట అరుదు. పని జరిగిన చోట్ల మాత్రము ఆ పేరు అందరికిని తెలిసినదే. వానలు తప్పిన యేట మహబూబ్‌నగరు జిల్లా గ్రామములలో గుంపు మేస్త్రీ దిగును. ఇంటికింత అని అడ్వాన్సు ఇచ్చును. ఆ అప్పు చెల్లునంతవరకు ఆలుబిడ్డలతో గంప, పార పట్టుకొని అతడు చూపిన చోటికి పోవలెను. ముసలివారిని ఇంటికి కావలి ఉంచి లారీలెక్కి పోయిన ఊళ్లు ఎన్నియో మనకు తెలియును.

అట్టివారు కట్టిన వాటిలో మనకు సమీపమైనది నాగార్జునసాగరు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ గారు దానికి శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి గారు కాలువలకు నీరు విడిచిరి. 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ రాతి కట్టడమునకు యంత్రములకంటె మనుష్యుల తలలే ఎక్కువ బరువు మోసెను. అయితే ఆ రాతిమీద నిలిచి నీటిని ఆపునది ఇనుము. ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు గల 26 గేట్లు బిగించుట 1974లో ముగిసెను. ఈ వ్యాసము నిమిత్తము మేము కొందరు వృద్ధులను కలిసి మాటలాడితిమి. రాయి మోసినవారు దొరకిరి, సున్నము కలిపినవారు దొరకిరి. గేట్ల పనిలో చేయి పెట్టితినని చెప్పినవాడు ఒక్కడును మాకు దొరకలేదు. ఇశ్రాయేలు దేశములో కమ్మరి లేక నాగటి నక్కులకు పదును పెట్టించుకొనుటకు ఫిలిష్తీయుల యొద్దకు పోవలసి వచ్చిన సంగతి చదువరులకు జ్ఞాపకము రాక మానదు.

మన ఊళ్లలో కమ్మరులు లేరని కాదు. కొలిమిలో రెండు ఇనుప ముక్కలను తెల్లగా మెరియునంతవరకు కాల్చి, ఇసుక చల్లి, సమ్మెటతో కొట్టి ఏకము చేయుట వారి తాతలనాటి విద్య. ఇసుక ఎందుకనగా, కాలిన ఇనుముపై ఏర్పడు పొక్కును కరగించి తొలగించుటకు. నేటి వెల్డింగు రాడ్డు మీది పూత చేయుపనియు ఇంచుమించు అదియే. కరెంటు వచ్చి, ఎడ్లబండ్లకు మారుగా ట్రాక్టరు ట్రాలీలు వచ్చిన తరువాత రోడ్డు ప్రక్కన వెల్డింగు షాపులు లేచినవి. బోర్లు వేయు కాలములో నల్లగొండ పల్లెలలో కేసింగు పైపులు అతుకుటకు ఈ పనివానికి రాత్రియనక పగలనక పిలుపులు వచ్చెడివి. గ్రిల్లు, గేటు, షట్టరు చేయువాడు ఇప్పుడు ప్రతి మండల కేంద్రమందును కలడు.

ఇక్కడనే చిక్కు ఉన్నది. గ్రిల్లు చేయువానికిని, కట్టడపు దూలము అతుకువానికిని మధ్య ఒక మెట్టు కలదు. మొదటి మెట్టు మనవారు ఎక్కిరి. ఆ రెండవ మెట్టు దగ్గర అనేకులు నిలిచిపోయిరి.

1950లో కేంద్ర ప్రభుత్వము వృత్తి శిక్షణ పథకము ప్రారంభించినది. ఐ.టి.ఐ.లు ఆ దారిని వచ్చినవే. వాటిలో వెల్డరు చదువు ఒక్క సంవత్సరమే. 1961లో అప్రెంటిసు చట్టము వచ్చినది. 1998లో హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ ఏర్పడి కట్టడపు పనులు నేర్పుచున్నది. కనుక నేర్పు చోట్లు లేవని చెప్పజాలము.

కొన్నేండ్ల క్రిందట మా ఎరుకలోని ఒక కూలీవాని కుమారుని, ఉత్తరము వ్రాసియిచ్చి, ఒక శిక్షణాలయమునకు పంపితిమి. సర్టిఫికెట్టు పుచ్చుకొని సంతోషముగా వచ్చెను. తరువాత ఒక పెద్ద కట్టడము వద్ద పరీక్షకు పోగా, రెండు పలకలను తలపైన నిలిపి క్రిందనుండి అతుకుమనిరి. అతుకు చల్లారిన పిదప దానిని కోసి, పట్టీగా చేసి వంచి చూచిరి. అది నోరు తెరచెను.

“అయ్యగారూ, కిందికి చూసి అతకమంటె వస్తది. మీదికి చూసి అతకమంటె చేతులు ఆడలే” అని మా వరండాలో కూర్చుండి చెప్పినాడు.

తప్పు ఎవరిదని మేము విచారించితిమి. శిక్షణలో రాడ్లు లెక్కపెట్టి ఇచ్చిరట, అవియు తేమ పట్టినవి. బలమైన అతుకునకు వాడు రాడ్లను ఓవెనులో సుమారు 350 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, వేడి చల్లారకుండ వాడవలెను. తేమలోని హైడ్రోజను అతుకులో చేరినచో, పైకి నున్నగా కనబడినను మరునాడు లోపల పగులును. ఇది పుస్తకములో అతడు చదివినాడు గాని, ఓవెను కంట చూడలేదు. పలకల అంచులను ఏటవాలుగా కోయుట, మధ్య సందు సరిగా ఉంచుట, మొదటి వరుస అడుగువరకు కరగునట్లు వేయుట, ప్రతి వరుసకు స్లాగు గీకి శుభ్రము చేయుట, ఇదియే రెండవ మెట్టు. అది మాటలతో రాదు, రాడ్లు కాల్చితేనే వచ్చును. అతడు ఒక పాత వెల్డరు క్రింద సంవత్సరము హెల్పరుగా ఉండి, ప్రతి సాయంత్రము తుక్కు పలకలపై తలపైకి చూచి అతుకుట అభ్యాసము చేసెను. మెడమీద నిప్పురవ్వల మచ్చలు మేమే చూచితిమి. రెండవ పర్యాయము పట్టీ వంగెను గాని పగులలేదు. కూలి రెట్టింపైనది.

ఈ విద్యకు ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడుగుదురు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. అలంపురము ప్రాంతపు పొలములకు రాజోలిబండ కాలువ ద్వారా వచ్చునది ఆ నీరే. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి సలహాపై ఇనుప అడ్డు పలకలను త్వరత్వరగా తయారుచేయించి, నీరు పారుచుండగనే ఒకదానిమీద ఒకటి దింపి వారము రోజులలో అడ్డము కట్టిరి. ఆ పలకల అతుకులు నమ్మదగినవి కానియెడల ఆ రైతుల సంగతి ఏమగును?

అటుతరువాత ఆరు నెలలకు దుఃఖము మన జిల్లాలోనే సంభవించెను. శ్రీశైలము జలాశయపు నీటిని ఫ్లోరైడు పీడిత నల్లగొండకు తెచ్చుటకు దోమలపెంట వద్ద తవ్వుచున్న సొరంగము పొడవు సుమారు 44 కిలోమీటర్లు. పైన అమ్రాబాదు పులుల అడవి ఉండుటచేత నడుమ ఎచ్చటను దింపుడు బావి త్రవ్వ వీలు లేదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున, లోపలికి దాదాపు 14 కిలోమీటర్ల దూరమున, పైకప్పు కూలెను. ఎనిమిదిమంది చిక్కుకొనిరి. నలుగురు జార్ఖండువారు, ఇద్దరు ఉత్తరప్రదేశ్ వారు, ఒకడు పంజాబువాడు, ఒకడు జమ్మూకాశ్మీరమువాడు. పూర్వము మనవారు పరదేశమునకు పోయి తవ్విరి, ఇప్పుడు వారి బిడ్డలు మన నేలకు వచ్చి తవ్విరి.

వారిని చేరుటకు బురదకంటె పెద్ద అడ్డు ఇనుమే. త్రవ్వకపు యంత్రము నలిగి దారి మూసెను. గ్యాస్ కటింగు అనగా ఇనుమును కరగించుట కాదు, కాల్చుట. మంటతో సుమారు 900 డిగ్రీలకు తెచ్చి, దానిపై ఆక్సిజను ధార విడిచినచో ఇనుమే కట్టెవలె మండి తెగును. స్టెయిన్‌లెస్సు, పోత ఇనుము ఆ విధముగా సరిగా తెగవు. గాలి ఆడని చోట ఆ మంట పెట్టుటయు అపాయకరము. కనుక విద్యుత్తుతోను, గాలి ఒత్తిడితోను పనిచేయు ప్లాస్మా కట్టర్లతో దక్షిణ మధ్య రైల్వే పనివారు వచ్చిరి. మోకాటిలోతు బురదలో నిలిచి, ఏ ముక్క కోసిన పైనున్నది జారునో చూచుకొని కోసిరి. ఏ ముక్క మొదట కోయవలెనో తెలియుటయే అక్కడ విద్య. కోసిన ఇనుమును లోకో బండిమీద బయటికి తెచ్చిరి. మార్చి 9వ తేదీన ఒకరి దేహము, 25వ తేదీన మరియొకరి దేహము దొరకినవి.

ఆ దినములలో మన యువకుడు మాకు ఫోను చేసి, “అయ్యగారూ, ఆడికి నేను పోవచ్చునా?” అని అడిగెను. రైల్వేవారు తమ సొంత పనివారితోనే పోవుదురని చెప్పితిమి. ప్లాస్మా కటింగు ఎక్కడ నేర్పుదురని అతడు మరల అడిగెను. కనుగొని చెప్పెదమని మాట ఇచ్చితిమి.