కల్‌ప్రిట్, ముద్దాయి: రెండు శబ్దముల యర్థచరిత్రము

ఆంగ్లభాషయందలి ‘కల్‌ప్రిట్’ అను శబ్దమునకు మన పాఠశాలలలో ‘దోషి’ యనియు ‘అపరాధి’ యనియు నర్థము చెప్పుట వాడుక. చిన్న నిఘంటువులును నిట్లే వ్రాయుచున్నవి. నేఁటి యాంగ్లవ్యవహారమును బట్టి చూడ నీ యర్థము తప్పు గాదు. కాని యా శబ్దము పుట్టినపుడు దానికీ యర్థము లేదు. అపరాధము చేయలేదని న్యాయసభలో నప్పుడే విన్నవించుకొనినవానిని బిలుచుటకే యది యుపయుక్తమయ్యెను. ‘నేను చేయలేదు’ అనినవాని పిలుపు ‘చేసినవాఁడు’ అను నర్థమున కెట్లు మాఱెను? మన తెలుఁగునందలి ‘ముద్దాయి’ శబ్దమునకు నింతకంటె విపరీతమైన గతి పట్టినది. ఈ రెంటి చరిత్రమును దగ్గఱఁ జేర్చి చూచుట యీ వ్యాసమున కుద్దేశము. ఇది కేవలము శబ్దవినోదము గాదు. తీర్పునకు మున్ను మనుష్యునకు మనము పెట్టు పేరే తీర్పగుచున్నదా యనునది యిందలి ప్రశ్నము.

ఇంగ్లండును 1066లో నార్మనులు జయించిన పిదప నచ్చటి న్యాయసభలలో వారి ఫ్రెంచి పాదుకొనెను. వాదములు ఆంగ్లముననే జరుగవలెనని 1362లో శాసనము పుట్టినను, న్యాయవాదుల వ్రాఁతలను, సభలోఁ బలుకు నియతవాక్యములను నా ఫ్రెంచి విడువలేదు. వ్రాఁతలన్నియు నాంగ్లమునందే యుండవలెనను శాసనము 1731లోఁ బుట్టి 1733లో నమలునకు వచ్చువఱకు దాని జాడలు నిలిచియే యుండెను. సామాన్యప్రజల కా భాష తెలియదు. తుదకు లేఖకులకే తెలియకపోయెను. ‘కల్‌ప్రిట్’ పుట్టుక యీ తెలియమిలోనే యున్నది.

అభియోగపత్రమును జదివి వినిపింపఁగా, దాను దోషిని గానని యభియుక్తుఁడు చెప్పెనేని, రాజపక్షపు లేఖకుఁడు వెంటనే ‘దోషియే, మా యభియోగమును నిరూపించుటకు సిద్ధము’ అను నర్థము గల ఫ్రెంచి వాక్యమును బలుకవలెను. పుస్తకమున దానికి గుర్తుగా ‘కల్. ప్రిట్.’ అని రెండు ముక్కలు వ్రాసికొనెడివారు. మొదటిది దోషి యను నర్థము గల ‘కల్పబుల్’ శబ్దపుఁ దొలియక్షరములు. రెండవది సిద్ధమను నర్థము గల ‘ప్రిస్ట్’ అనుదాని సంక్షేపము. రెండును వాదిపక్షపు మాటలే. కాలక్రమమున నడిమి బిందువు జాఱిపోయి రెండు ముక్కలు నొక్కటయ్యెను. లేఖకుఁడు ‘కల్‌ప్రిట్! నీ విచారణ మెట్లు జరుగవలెను?’ అని యడుగఁజొచ్చెను. వినువారి కది సంబోధనమువలెఁ దోఁచెను. 1678లో పెంబ్రోకు ప్రభువుపై హత్యాభియోగము విచారింపఁబడినపు డీ సంబోధనము వ్రాఁతలోఁ గానవచ్చుచున్నది. ఆ పిలుపు పిలిచిన క్షణమునఁ దీర్పు లేదు. తీర్పు వచ్చినపుడును బ్రభుసభవా రది హత్య గాదనియు, దానికంటెఁ దక్కువదైన నరవధ యనియుఁ దీర్చిరి.

1769లోఁ బ్రకటితమైన తన ధర్మవ్యాఖ్యానపు నాల్గవ సంపుటమున బ్లాక్‌స్టన్ పండితుఁ డీ సంక్షేపమునే శబ్దమూలముగాఁ జెప్పెను. పిదపటి నిఘంటుకారులును సాధారణముగా దీనినే యనుసరించిరి. లాటినున దోషమునకుఁ ‘గుల్పా’ యని పేరు. సంబోధనమున నా ధ్వని వినఁబడఁగానే జనులు సంబోధ్యుఁడు దోషియే యనుకొనిరి. రూఢి యోగముకంటె బలవత్తరమని మీమాంసకు లందురు. ఇచ్చట లేని యోగ మొకటి కల్పితమై, యున్న రూఢిని జంపినది.

మన ధర్మశాస్త్రములతోఁ బోల్చి చూచిన నీ సంక్షేపము యొక్క స్వరూపము స్పష్టమగును. యాజ్ఞవల్క్యుఁడు వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పెను: భాష, యుత్తరము, క్రియ, సాధ్యసిద్ధి. భాష యనఁగా వాది తెచ్చిన యభియోగము. ఉత్తరము నాలుగు విధములు: చేసితినని యొప్పుకొనుట సంప్రతిపత్తి, చేయలేదనుట మిథ్య, చేసితిఁ గాని యిట్టి కారణముండె ననుట ప్రత్యవస్కందనము, ఇది మున్నే తీర్పయిన దనుట ప్రాఙ్న్యాయము. ఇందు మిథ్యోత్తరము పలికినచో సాక్షులను, లేఖ్యములను జూపి నిరూపించు భారము, అనఁగాఁ గ్రియ, వాదిపై నుండును. ‘దోషిని గాను’ అనుట మిథ్యోత్తరము. ‘ప్రిట్’ అనుట క్రియాభారమును వాది స్వీకరించుట. కావునఁ ‘గల్‌ప్రిట్’ శబ్దమున సగము వాది తలపై నున్న బరువునకుఁ బేరు. ఆ బరువును సూచించు నక్షరములే ప్రతివాది మెడకుఁ జుట్టుకొనుట కంటె వింత యేమి గలదు? మితాక్షర యందలి యీ వ్యవహారక్రమమును దిక్కనకు సమకాలికుఁడైన మూలఘటిక కేతన 13వ శతాబ్దిననే విజ్ఞానేశ్వరీయ మను పేరఁ దెలిఁగించెను గనుక, దెనుఁగువారి కిది క్రొత్త సంగతి గాదు.

ఇఁక మన శబ్దములు. అభిపూర్వకమైన యుజ్ ధాతువునకుఁ గర్మార్థమున క్తప్రత్యయము చేరి ‘అభియుక్తుఁడు’ అయ్యెను; ఎవనిపై నభియోగము మోపఁబడెనో వాఁడని యర్థము. చేసెనా లేదా యను మాట యీ శబ్దమునందు లేదు. శాస్త్రమునఁ బ్రవీణులైన పెద్దలకును ‘అభియుక్తులు’ అనియే పేరు. అభియుక్తోక్తి యని మనము ప్రమాణముగాఁ జూపుదుము. న్యాయసభలో నిలిచినవాఁడును, విద్వత్సభలోఁ గూర్చున్నవాఁడును నొకే పేర వ్యవహరింపఁబడుట మనకుఁ గొంత వినయమును నేర్పవలసినదే. ‘నిందితుఁడు’ అనునదియుఁ గర్మార్థక క్తాంతమే గాని, ధాత్వర్థమునఁ గుత్స యున్నది. అయినను నేఁటి పత్రికాభాషలో నది విచారణలో నున్నవానికి స్థిరపడినది; దానిని బెకలింపఁ బూనుట వ్యర్థము. ‘దోషి’ యనునది మత్వర్థీయము. దోషము తనయం దున్నవాఁడని యర్థము. ఇది సిద్ధమైన గుణమును జెప్పును గాని మోపిన నిందను జెప్పదు. ‘అపరాధి’ యను శబ్దమున నింకొక సొగసు గలదు. అపపూర్వకమైన రాధ్ ధాతువునకు గుఱి తప్పుట యను నర్థ మున్నది. బాణము గుఱి తప్పిన విలుకాని కమరసింహుఁడు ‘అపరాద్ధపృషత్కుఁడు’ అని పేరు చెప్పెను. తెలుఁగున ‘తప్పు’ అను ధాతువునకును నిదియే తీరు: గుఱి తప్పెననుచో నున్న క్రియయే తప్పు చేసెననుచో నామమైనది.

‘నేరము’ అను శబ్దము గుఱించి యొక మాట. నేర్చు ధాతువునకు వ్యతిరేకార్థమున నేరఁడు, నేరక, నేరమి యను రూపములు గలవు. నేరమి యనఁగాఁ దెలియమి, చేతఁగామి. తప్పు అను నర్థమును దానికిఁ గలదు. ‘నేరము’ దీనికిఁ జుట్టమనుటయే యుక్తమని నా తలంపు. అట్లయినచోఁ దెలుఁగువాఁడు తప్పునకుఁ బెట్టిన పేరులలో నొకటి యెఱుకలేమి నుండి, యొకటి గుఱితప్పుట నుండి పుట్టిన వగును.

ముద్దాయి సంగతి చెప్పుటకు మా తల్లాడ ప్రాంతమున నిలిచి చూచుట మేలు. తల్లాడ ఖమ్మమునుండి సత్తుపల్లికిఁ బోవు బాటపై నున్నది. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడువఱకు నీ సీమ వరంగల్లు జిల్లాలోనిదై నిజాము రాజ్యమునకుఁ జెందియుండెను. అడవులు దాఁటి గోదావరి యొడ్డునకుఁ బోయిన భద్రాచలము. ఆ సీమను నిజాము 1860లో నింగ్లీషువారికి విడిచెను. 1874లో నది మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. 1959లో మఱల ఖమ్మము జిల్లాలోఁ జేరెను. కావున దాదాపు తొంబదేండ్లు ఈ యడవి కీవల నొక న్యాయపరిభాష, యావల నొక న్యాయపరిభాష. ఈవల 1884 వఱకుఁ బారసీకము, పిదప నుర్దూ. ఆవల నాంగ్లమును దెలుఁగును.

ముద్దాయి శబ్దము అరబ్బీనుండి వచ్చినది. ‘దావా’ యను మాట మనయందఱకుఁ దెలిసినదే. దావా వేసినవాఁడు ‘ముద్దయీ’, ఇది కర్త్రర్థకము. ఎవనిమీఁద దావా వేయఁబడెనో వాఁడు ‘ముద్దఆ అలైహి’. ఇది కర్మార్థకము, తుద నున్న ‘అలైహి’ యనునది ‘వానిమీఁద’ అను నర్థమిచ్చును. ఉర్దూలో నేఁటికిని ముద్దయీ యనఁగా వాదియే. వాది చప్పబడియున్నను సాక్షి చుఱుకుగా నున్నాఁడని పరిహాసము చేయు నుర్దూ సామెత యొకటి కలదు. అందలి వాదికి ముద్దయీ యనియే పేరు. తెలుఁగుననో, ముద్దాయి యనఁగా నభియోగము పాలైనవాఁడు. గోదావరి కావలి తెలుఁగు వ్రాఁతలలో నీ యర్థమే. అడవి కీవలివాఁడు నిజాము కచ్చేరిలో వాదియైనచో ముద్దయీ; అడవి దాఁటి గోదావరి జిల్లా కచ్చేరిలో నా ధ్వనియే వాని ప్రతిపక్షమునకుఁ జెందును.

ఈ తాఱుమాఱున కేమి కారణము? రూపమును బట్టి చూడఁగా ముద్దాయి నిస్సందేహముగా వాది పేరే. సిపాహీ సిపాయి యైనట్లు ముద్దయీ ముద్దాయి యగుట సహజము. ప్రతివాది పేరో, పొడవైనది, నోరు తిరుగనిది. అది ముద్దాలే యని కుఱుచయై కొంత కాలము నిలిచినది. ముద్దాలే నుండి ‘వానిమీఁద’ అను శేషము గూడ జాఱిపోఁగా మిగిలినది ముద్దా. ఇట్లు రెండు శబ్దములు దాదాపొక్కటియైనవి. వాదికిఁ ‘ఫిర్యాది’ యను వేఱొక మాట జనుల నోట నాడుచుండఁగా, నీ కలగలుపు పేరు ప్రతివాదికి మిగిలియుండు నని నా యూహ. ‘కల్. ప్రిట్.’ యందు బిందువు జాఱినట్లే యిచ్చట విభక్త్యర్థము జాఱినది. రెండు చోట్లను దెలియని భాష, రెండు చోట్లను లేఖకుని తొందర, రెండు చోట్లను వాదిపక్షపు మాట ప్రతివాదిపైఁ బడుట. ఈ పోలిక యాకస్మికమైనను వినోదకరము.

ఉర్దూ న్యాయపరిభాషకు మనము మెచ్చవలసిన గుణ మొకటి కలదు. విచారణలో నున్నవాఁడు ముల్జిమ్. నేరము స్థిరపడినవాఁడు ముజ్రిమ్. రెండవది ‘జుర్మ్’ అనఁగా నేరమను శబ్దమునుండి వచ్చినది. అరబ్బీ వ్యాకరణము ననుసరించి మొదటిది కర్మార్థమున ‘ముల్జమ్’ అని యుండవలెను. ఉర్దూవారి నోటఁ గర్త్రర్థక రూపమే రూఢమైనది. వ్యాకరణము తప్పినను వివేకము తప్పలేదు.

ఆ వివేకము తప్పిన చోట నెంత యనర్థము కలుగునో తెలుపుట కొక చట్టము చాలును. 1871లో నింగ్లీషు ప్రభుత్వము కొన్ని జాతులను బుట్టుకచేతనే నేరము చేయువానిగా నెన్ను చట్టము చేసెను. 1911లో నది మదరాసు రాజధానికిని విస్తరింపఁబడెను. నాఁటి గుంటూరు జిల్లాలోని స్టూవర్టుపురమువంటి నివేశనములలో నెఱుకలవారిని నిలిపి హాజరు పట్టీలలోఁ బేర్లు వ్రాసిరి. అందు అభియోగము లేదు, ఉత్తరము లేదు, క్రియ లేదు. సాధ్యసిద్ధి మాత్రము పుట్టుకతోనే యయినది. చట్టము 1952లో రద్దయి వారు విముక్తజాతులైరి గాని, ‘నేరస్థజాతులు’ అను తెలుఁగుమాట పుస్తకములలోఁ జిరకాలము నిలిచెను. ఆ మాటయే సాధువు గాదు. సుబంత ముపపదమైనపుడు స్థాధాతువునకుఁ గప్రత్యయము పాణిని విధించెను. గృహస్థుఁడు, మధ్యస్థుఁడు అనునవి యట్టివి. దేశ్యమైన నేరశబ్దమునకు దానిని దగిలించుట వైరిసమాసము. నేరస్థుఁ డను పదమునందు నిస్సంశయముగా నున్న నేర మిదియొక్కటే.

హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశమునఁ గలసెను. 1860 నాఁటి భారత శిక్షాస్మృతి 1951 నాఁటి చట్టముచే నీ ప్రాంతమునకు వచ్చెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహిత నడచుచున్నది. పాత స్మృతి 299వ ప్రకరణమునను, గ్రొత్త సంహిత 100వ ప్రకరణమునను గల ‘కల్పబుల్’ అను విశేషణము మన కల్‌ప్రిట్‌నకు సగోత్రమే. కాని యది మనుష్యునికిఁ గాక కృత్యమునకు విశేషణము. చంపు తలంపుతోనో, చత్తురను నెఱుకతోనో చేసిన వధ యని తాత్పర్యము. పంతుళ్ళు దీనిని ‘దోషియైన వధ’ యని తెలిఁగించుటను నేను జూచితిని. అది వినుటకే కటువు.

కావున ‘కల్‌ప్రిట్’ అని పాఠమున వచ్చినపుడు సందర్భము చూడవలెను. తీర్పైనవాఁడైనచో దోషి. కథలో దొంగ పట్టుబడి యింకను విచారింపఁబడకున్నచో నిందితుఁడు, లేదా పట్టుబడినవాఁడు. 17వ శతాబ్దపు టాంగ్లగ్రంథములందైనచో నభియుక్తుఁడు దప్ప వేఱు మాట పొసఁగదు. ముద్దాయిని విడువ నక్కఱ లేదు. మూలభాషలో వాది పేరైనను దెలుఁగున నది తరతరములుగా నభియుక్తునకే చెల్లినది. విచారణ ముగిసి శిక్ష పడినవానిని గూడ ముద్దాయి యనుట మాత్రము పత్రికలవారు మానవలెను. విడుదలయైనవానిని ‘మాజీ ముద్దాయి’ యనుట యంతకంటె మున్ను మానవలెను.