అత్తాకోడండ్రు నిలిపిన సామ్రాజ్యము

మధ్యయుగపు ఐరోపా రాజకుటుంబములలో వివాహము వధూవరుల యిష్టముపై నడచినది కాదు. అది సంధి; ఒక్కొక్కప్పుడు రాజ్యముపై హక్కునకు ఆధారము. అయినను అట్లు ఒడంబడికలో భాగముగా వచ్చిన వధువే ఒకనాడు మెట్టినింటి రాజ్యమునకు దిక్కగుటయు కలదు. పదవ శతాబ్దమున జర్మనీని పాలించిన ఒట్టో వంశపు అత్తాకోడండ్రు అడెలైడు, థియోఫానోల చరిత్రము ఇందుకు నిదర్శనము.

అత్తయైన అడెలైడు బర్గండీ రాజపుత్రిక. ఇటలీ రాజగు లోతారును వివాహమాడి, 950లో వితంతువయ్యెను. ఆమెను పెండ్లాడినవానికి ఇటలీ కిరీటముపై హక్కు బలపడును. కనుకనే లోతారు అనంతరము సింహాసనమెక్కిన బెరెంగారు ఆమెను చెరయందుంచెను. ఆమె తప్పించుకొనెను. జర్మనీ రాజు మొదటి ఒట్టో ఆల్ప్స్ పర్వతములు దాటి వచ్చి, 951లో పావియా నగరమున ఆమెను పరిణయమాడెను. 962లో రోము నగరమున పోపు ఆ దంపతులకు సామ్రాజ్య కిరీటధారణము గావించెను.

పశ్చిమమున మరియొక చక్రవర్తి వెలయుట కాన్‌స్టాంటినోపులు ప్రభువులకు రుచింపలేదు. వారితో వియ్యమందినగాని తన బిరుదునకు గౌరవము కలుగదని తలంచి, ఒట్టో తన కుమారుడగు రెండవ ఒట్టోకు అచటి రాజకన్యను కోరెను. 972 ఏప్రిల్ 14న రోములో వివాహము జరిగెను. కాని వచ్చిన థియోఫానో చక్రవర్తి కుమార్తె కాదు. నాటి చక్రవర్తి జాన్ జిమిస్కెసునకు బంధువు. ఆమెను మరల పంపివేయుమని కొందరు చెప్పిరట. ఒట్టో అంగీకరింపలేదు.

ఆ వివాహ శాసనము నేటికిని వోల్ఫెన్‌బ్యూటెల్ నగరమున భద్రముగా నున్నది. ఊదారంగు అద్దిన తోలుపత్రముపై సువర్ణాక్షరములతో లిఖింపబడినది. దాని సొగసుకంటె విషయము ముఖ్యము. ఇస్ట్రియా, పెస్కారా సీమలును, రైన్ తీరమున బోపార్డు మొదలగు భూములును వధువునకు ఒసగబడినవి. ఇది మన పెద్దలు స్త్రీధనమను దానివంటిది. సొంత ఆదాయము గల రాణికి సొంత పరివారమును, పలుకుబడియు నుండును.

983 డిసెంబరులో రెండవ ఒట్టో రోములో మరణించెను. కుమారుడు మూడవ ఒట్టో మూడేండ్ల బాలుడు. ఆకెన్ నగరమున బాలునికి పట్టాభిషేకము జరిగిన వెంటనే తండ్రి మరణవార్త అచటికి చేరెను. జ్ఞాతియగు బవేరియా హెన్రీ, సంరక్షకుడనను మిషతో బాలుని చేజిక్కించుకొని, 984 ఈస్టరు పండుగనాడు క్వెడ్లిన్‌బర్గులో తననే రాజుగా ప్రకటింపజేసికొనెను. అప్పుడు తల్లియు నాయనమ్మయు ఇటలీయందుండిరి. ఒకరియెడ నొకరికి అంతగా సఖ్యము లేదు. అయినను ఇరువురును ఉత్తరమునకు బయలుదేరిరి. మైన్‌జ్ ఆర్చిబిషప్పు విల్లిగిసు వారి పక్షమున నిలిచెను. 984 జూన్ 29న థురింగియాలోని రోర్ అను చోట హెన్రీ బాలుని తల్లికి అప్పగింపక తప్పలేదు.

పిమ్మట ఏడేండ్లు థియోఫానో కుమారుని పేర రాజ్యమేలెను. ఇటలీలో వెలువడిన ఒక శాసనమందు ఆమె పేరు పురుషవాచకముగా, చక్రవర్తి థియోఫానియుస్ అని వ్రాయబడెను. ఏలుబడి పురుషులదేయను నాటి తలంపునకు ఆ వ్రాత సాక్ష్యము. 991లో ఆమె మరణించగా, వృద్ధురాలగు అడెలైడు మరల పూనుకొని 994 వరకు మనుమని రాజ్యమును కాపాడెను.

కొలోన్ నగరమున సెయింట్ పాంటలియన్ దేవాలయమందు థియోఫానో సమాధి నేటికిని కలదు. తగిన వధువు కాదని కొందరు తిప్పిపంపదలచిన ఆమెయే ఆ వంశమునకు సింహాసనమును దక్కించెను.