గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా: ఖమ్మం జిల్లా ఘట్టము

ధర్మపురి యొద్ద దక్షిణముఖముగా పారు గోదావరి మంథని, కాళేశ్వరములను దాటి భద్రాచలము చేరును. గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించు టీకా చరిత్రలో మిక్కిలి వివాదాస్పదమైన ఘట్టమొకటి ఆ దిగువ ప్రాంతమున జరిగినది. ధర్మపురి ఉపాధ్యాయునకు కూడ అది తెలియుట మంచిది. ఏలయన ఆ కథలో ప్రధానోపాధ్యాయుని సంతకమునకు పెద్ద పాత్ర కలదు.

1970 దశకములో ఈ క్యాన్సరునకు హెర్పిస్ వైరసు కారణమని పలువురు తలంచిరి. జర్మనీ దేశపు వైద్యుడు హరాల్డ్ త్సుర్ హౌజెన్ ఒప్పుకొనలేదు. పులిపిరులను పుట్టించు పాపిలోమా వైరసుల కుటుంబమునే ఆయన అనుమానించెను. 1983లో ఆ కుటుంబమునందలి 16వ రకమును, మరుసటి యేట 18వ రకమును క్యాన్సరు కణములలో చూపెను. ఈ క్యాన్సరులలో సుమారు 70 శాతమునకు ఈ రెండు రకములే కారణము. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

ఈ వైరసు ముఖ్యముగా స్త్రీపురుష సంపర్కము వలన వ్యాపించును. సోకినవారిలో అధికసంఖ్యాకులకు ఒకటి రెండేండ్లలో తనంతట పోవును. పోక నిలిచిన కొందరిలో మాత్రము, కణవిభజనను అదుపులో నుంచు ప్రోటీనులను అది పనిచేయనీయదు. అది క్యాన్సరుగా మారుటకు సాధారణముగా పదిహేను, ఇరువది యేండ్లు పట్టును. 2020 అంచనా ప్రకారము ఆ ఒక్క యేటనే భారతదేశమున సుమారు 1,23,900 మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడగా, 77,300 మంది మరణించిరి.

1991లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ అను శాస్త్రజ్ఞులు వైరసు పైపొరలోని ప్రోటీనును మాత్రము తయారుచేసిరి. ఆ అణువులు తమంతట కూడుకొని వైరసు ఆకారము గల బోలు గుండ్లుగా ఏర్పడినవి. తరగతిలో దీనిని తాలుగింజతో పోల్చి చెప్పవచ్చును: పైకి వడ్లగింజయే, లోపల బియ్యము లేదు, మొలకెత్తదు. శరీరము మాత్రము దానిని చూచి ప్రతిరక్షకములను సిద్ధము చేసికొనును. అప్పటికే నాటుకొన్న వైరసును ఈ టీకా తొలగింపలేదు. అందుచేతనే దీనిని చిన్న వయస్సులో ఇత్తురు. 2006లో అమెరికాలోను, 2008లో మన దేశములోను దీనికి అనుమతి లభించెను.

2009 జులైలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, భారత వైద్య పరిశోధన మండలి, 'పాత్' అను అమెరికా సంస్థ కలసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో టీకాలు వేయనారంభించెను. పది నుండి పదునాలుగేండ్ల బాలికలు సుమారు 14,000 మంది. ఆరు నెలలలో మూడు మోతాదులు. టీకాను ఊరూర అందించుట ఎట్లో తెలిసికొనుటయే ఉద్దేశమని చెప్పిరి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇట్టిదే మరియొకటి సాగెను. ఖమ్మం బాలికలలో పలువురు గిరిజనులు, వసతిగృహములలో నుండి చదువుకొనువారు.

2010 మార్చిలో ఢిల్లీ నుండి 'సమా' అను మహిళా ఆరోగ్య సంస్థవారు వచ్చి విచారించిరి. టీకా పొందిన బాలికలు కొందరు మరణించిరన్న వార్త దేశమంతట వ్యాపించెను. ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేయించెను. రెండు రాష్ట్రములలో కలిపి మరణములు ఏడు. ఒక బాలిక క్వారీ నీటిలో మునిగినది, ఒకతెను పాము కరచినది, ఇద్దరు పురుగుమందు త్రాగిరి, ఒకతె మలేరియా ముదిరి చనిపోయినది. మిగిలిన ఇద్దరి విషయమున కారణము అంత స్పష్టముగా తేలలేదు. కేంద్రము నియమించిన సంఘము 2011లో ఈ మరణములకు టీకా కారణమని చెప్పుటకు ఆధారము లేదని తేల్చెను.

కాని అంగీకారపత్రములను తెరచి చూచినప్పుడు వేరొక సంగతి బయటపడెను. ఖమ్మం జిల్లాకు చెందిన 9,543 పత్రములలో 2,763 మీద తలిదండ్రులకు బదులు వార్డెనో, ప్రధానోపాధ్యాయుడో సంతకము చేసియుండెను. 1,948 మీద వేలిముద్రలు. సంతకము చేసినవారిలో పలువురు సర్కారు టీకా పిల్లలకు మేలే కదా అనుకొని యుందురు. అయినను అది చిన్న పొరపాటు కాదు. బిడ్డకు ఏమి వేసిరో ముందుగా తెలియని తల్లి, బిడ్డ పోయిన పిదప సంఘము ఏమి తేల్చినను ఎట్లు నమ్మును? 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘము దీనిని బాలికల హక్కుల ఉల్లంఘనగా ఎంచి తీవ్రముగా విమర్శించెను.

ఈ నిలుపుదల వలన ఎవరును తలపెట్టని ఫలితమొకటి కలిగెను. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2009లోనే మన దేశమున మరియొక పరిశోధన ఆరంభించియుండెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు సంస్థ అందొక కేంద్రము. రెండు మోతాదులు మూడింటితో సమానమా అనునది ప్రశ్న. 2010 ఏప్రిల్ ఉత్తరువుతో అదియు ఆగిపోయెను. అప్పటికి టీకా పొందిన 17,729 మందిలో 4,950 మందికి ఒక్క మోతాదే అందియుండెను. పరిశోధకులు వారిని విడిచిపెట్టక పదేండ్లు గమనించిరి. 16, 18 రకముల వైరసు శరీరమున నిలిచిపోకుండ ఒక్క మోతాదు 95.4 శాతము, మూడు మోతాదులు 93.3 శాతము రక్షణ నిచ్చినవని 2021లో ప్రకటించిరి. ఈ రెండు అంకెల భేదము లెక్కింపదగినది కాదు. ఒకటి మూడింటికి తీసిపోదనుటయే ఇందలి విశేషము. ఇట్టి ఆధారములను బట్టి 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది నుండి ఇరువది యేండ్ల వారికి ఒక్క మోతాదు కూడ చాలునని అంగీకరించెను.

2018లో సిక్కిం రాష్ట్రము ముందుగా ఉపాధ్యాయులకు, తలిదండ్రులకు విషయము వివరించి పాఠశాలలలో టీకా వేయించెను. సుమారు 97 శాతము బాలికలకు తొలి మోతాదు అందెను. 2022 జులైలో పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన స్వదేశపు టీకాకు అనుమతి వచ్చెను.

భద్రాచలము, కొత్తగూడెములలో ఆనాడు చేయి చాచిన బాలికలు ఇప్పుడు ముప్పదవ యేటి దరిదాపుల నున్నారు. గర్భాశయ ముఖ పరీక్ష మొదలుపెట్టవలసిన వయస్సుగా మన దేశమున నిర్ణయించినది ఆ ముప్పదవ యేడే. టీకా పొందినవారికిని ఆ పరీక్ష అవసరమే, ఏలయన మిగిలిన రకముల వైరసులన్నిటిని ఆనాటి టీకా అడ్డగింపలేదు.