ఐదు వందల ప్రతుల పాట

సంగీత చరిత్రనైనా, సాహిత్య చరిత్రనైనా మనం సాధారణంగా అంగడికి చేరిన వాటిని బట్టే రాసుకుంటాం. అచ్చుకు నోచుకోనివి, అచ్చయినా పదిమంది చేతుల్లో పడనివి చరిత్రకారుని బల్ల మీదికి రావు. కాబట్టి ఏది మరుగున పడిందో తెలుసుకోవడంతో మన పని పూర్తి కాదు. అది ఎందుకు మరుగున పడింది, ఎవరి దృష్టిలో మరుగున పడింది అన్న ప్రశ్నలు కూడా వేసుకోవాలి. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో 1975లో రికార్డయిన ‘పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్’ అనే పాట, దాన్ని పాడిన బాబీ హాక్నీ జీవితం ఈ ప్రశ్నలను మన ముందుంచుతున్నాయి.

1970ల మధ్యకాలంలో న్యూయార్క్, లండన్ నగరాల్లో తలెత్తిన సంగీత ధోరణికి పంక్ అని పేరు. రాక్ సంగీతం అప్పటికే ఆడంబరంగా, ఖరీదైన వ్యాపారంగా మారింది. దాన్ని ధిక్కరిస్తూ, నాలుగు స్వరాలు తెలిసిన వాడెవడైనా తన ఆగ్రహాన్ని వేగంగా, సూటిగా వినిపించవచ్చునన్నది పంక్ వైఖరి. 1976 ఏప్రిల్‌లో రామోన్స్ బృందం తొలి ఆల్బం, అదే ఏడాది నవంబరులో సెక్స్ పిస్టల్స్ తొలి రికార్డు వచ్చాయి. పంక్ చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఈ రెండూ తెల్లజాతి యువకుల బృందాలు.

డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల నగరం. 1967 జూలైలో అక్కడ నల్లజాతి ప్రజల తిరుగుబాటు, దాని అణచివేత 43 మంది ప్రాణాలను బలి తీసుకున్నాయి. నల్లజాతి గాయకుల పాటలను దేశమంతా వినిపించిన మోటౌన్ కంపెనీ 1972లో లాస్ ఏంజిలస్‌కు తరలిపోయింది. 1973 నాటి చమురు సంక్షోభం కార్ల పరిశ్రమను దెబ్బతీసి కార్మికుల ఉపాధిని ఊడగొట్టింది. ఆ నగరంలో పెరిగిన నల్లజాతి సోదరులు డేవిడ్, బాబీ, డానిస్ హాక్నీలు. డేవిడ్ గిటారు, డానిస్ డ్రమ్స్ వాయించేవారు. బాబీ బేస్ గిటారు వాయిస్తూ పాడేవాడు. నల్లజాతి యువకుల నుంచి సంగీత వ్యాపారం ఆశించింది సోల్, ఫంక్ పాటలు. ఈ సోదరులు మాత్రం రాక్‌ను ఎంచుకున్నారు. చక్ బెర్రీ వంటి నల్లజాతి కళాకారులు పోసిన పునాది మీదే రాక్ నిలబడింది. అయినా తాతల ఆస్తిని మనుమలు అడిగితే దొంగతనమన్నట్టుగా ఉండేది ఆనాటి పరిస్థితి.

తాగి వాహనం నడిపిన వాడు ఢీకొని తండ్రి చనిపోయాక, డేవిడ్ తమ బృందానికి ‘డెత్’ అని పేరు పెట్టాడు. మరణానికి భయం కాక మరో అర్థం ఇవ్వాలన్నది అతని తపన. 1975లో 12 పాటలు రికార్డు చేయాలనుకొని 7 పూర్తి చేశారు. రికార్డు వ్యాపారంలో పేరు మోసిన క్లైవ్ డేవిస్ పేరు మార్చమని షరతు పెట్టాడనీ, డేవిడ్ ససేమిరా అన్నాడనీ సోదరులు చెప్పారు. ఒప్పందం చెడింది. 1976లో తామే 500 ప్రతులు వేయించుకున్నారు. రాజకీయ నాయకుల వంచనను నిలదీసిన ఆ పాట రేడియోలో అరుదుగానే వినిపించింది.

తప్పంతా పేరుదేనా? ‘బ్లాక్ సబ్బాత్’ అనే తెల్లవారి బృందం అప్పటికే లక్షల రికార్డులు అమ్ముకుంది. భయపెట్టే పేరును అంగడి ఒకరి దగ్గర సరుకుగా, మరొకరి దగ్గర లోపంగా చూసింది. డేవిడ్ నిరాకరణను మనం గౌరవిస్తాం. అయితే దాని మూల్యాన్ని ముగ్గురి బతుకులూ చెల్లించాయన్న నిజాన్ని కూడా దాచకూడదు.

సోదరులు 1977లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ చేరారు. ‘ఫోర్త్ మూవ్‌మెంట్’ పేరిట క్రైస్తవ భక్తి గీతాలను రాక్ బాణీలో పాడి 1980, 1982లలో రెండు ఆల్బంలు తెచ్చారు. 1982లో డేవిడ్ డెట్రాయిట్‌కు తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడు బాబీ, డానిస్ ‘లాంబ్స్‌బ్రెడ్’ అనే రెగే బృందాన్ని స్థాపించి ఏళ్ల తరబడి పాడారు. డేవిడ్ 2000లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. ఏదో ఒక రోజు లోకం అడుగుతుందని చెప్పి అతను అప్పగించిన టేపులను బాబీ భద్రంగా దాచాడు.

ఆ 500 ప్రతుల్లో మిగిలినవి క్రమంగా సేకర్తల వేలంపాటల్లో వందల డాలర్లు పలికాయి. 2008లో బాబీ కొడుకులు ఆ పాట విని తండ్రి గొంతు గుర్తుపట్టారు. అప్పటిదాకా ఆ సంగతి వారికి తెలియదు. 2009లో డ్రాగ్ సిటీ సంస్థ ఏడు పాటలనూ ఆల్బంగా విడుదల చేసింది. 2012లో డాక్యుమెంటరీ చిత్రం, 2015లో సోదరులిద్దరి కొత్త ఆల్బం వచ్చాయి.

ఈ పునరావిష్కరణ తెచ్చిన ప్రచారంలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, వీరిని పంక్‌కు ఆదిపురుషులనడం. అదే డెట్రాయిట్ ప్రాంతంలో ఎంసీ ఫైవ్, స్టూజెస్ బృందాలు 1960ల చివరికే ఈ బాట వేశాయి. పైగా 500 ప్రతుల పాట లండన్ యువకులకు స్ఫూర్తినిచ్చిందనడానికి వీల్లేదు. ముందుండడం వేరు, ప్రభావం చూపడం వేరు. ఒకే సామాజిక ఒత్తిడి వేర్వేరు చోట్ల ఒకే రకమైన రూపాన్ని పుట్టించగలదన్నదే ఇక్కడ గమనించదగిన అంశం.

రెండో పొరపాటు ఇంతకన్నా పెద్దది. బాబీ మూడు దశాబ్దాలు నిద్రపోయి లేచినట్టు రాయడం. అతడు ఏనాడూ మౌనంగా లేడు. బర్లింగ్టన్ శ్రోతలు అతని రెగే పాటలు వింటూనే ఉన్నారు. పాట మరుగున పడింది గానీ గాయకుడు మరుగున పడలేదు. మహానగరాల పత్రికలు చూడనంత మాత్రాన ఒక కళాకారుని కృషి లేకుండా పోదు.

మరుగున పడ్డ రచన ఒకటి దొరికినప్పుడు దాన్ని ‘మొదటిది’గా నిరూపించడానికి మనం తొందరపడతాం. ఆ రచయిత తర్వాత ఏం రాశాడు, ఎవరి కోసం రాశాడు, ఆ ప్రతిని ఇన్నాళ్లూ ఎవరు కాపాడారు అని కూడా అడగాలి. డెత్ పాటలను అంగడి కాపాడలేదు. సోదరునికిచ్చిన మాట కాపాడింది.