లాభము కనబడక మునుపు పెట్టిన ధనము

ఇంకను ఋజువు కాని పనిలో ధనము పెట్టువారెవరు, నష్టము వచ్చినచో భరించువారెవరు అనునది ఈనాటి నా ప్రసంగవిషయము. ఎండలు మితిమీరి వానలు అదను తప్పుచున్న ఈ కాలమున, బొగ్గుపొగ లేక విద్యుత్తు పుట్టించుటకును, స్వల్పజలముతో పైరు పండించుటకును క్రొత్త సంస్థలు బయలుదేరుచున్నవి. వానిలో పెట్టు ధనమునకు వెంచర్ క్యాపిటల్ అని పేరు. షావుకారు అప్పిచ్చి వడ్డీ గొనును. పంట ఎండినను అతని లెక్క ఎండదు. వీరట్లు గాక, పొలము పాలుకు చేసినట్లు పాలుకు వత్తురు. బావిలో నీరు పడినచో భాగము కలదు. పడనిచో పెట్టినది పోయినట్లే.

ఈ పద్ధతి 1946లో అమెరికాలోని బోస్టను నగరమున జార్జి డోరియో ప్రభృతులు స్థాపించిన సంస్థతో రూపు గట్టినదని చెప్పుట వాడుక. కాని మన హైదరాబాదు సంస్థానమున దీనికి అన్న వంటిది ముందే కలదు. 1929లో నిజాము ప్రభుత్వము కోటి రూపాయలతో ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండును నెలకొల్పెను. ఆ నిధి క్రొత్త కంపెనీల వాటాలను కొనెడిది. నాటి ఆదిలాబాదు జిల్లాలో, కొత్తపేట యను పల్లె చెంత, 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లులో ఆ ధనము కలదు. అడవిలో వెదురు కలదు, చెంతనే రైలుమార్గము కలదు. కాగితము మాత్రము 1942 వరకు రాలేదు. నడుమ ప్రపంచయుద్ధము వచ్చి పడెను. త్వరపడు షావుకారైనచో మూడవయేటనే ఇటుకలమ్ముకొని పోయెడివాడు. నిధి ఓర్చుకొనెను, కొత్తపేట కాగజ్‌నగరమైనది.

ఇచట ఒక మాట విడువరాదు. ఆ యేండ్లలోనే, ఆ ప్రాంతపు అడవులలోనే, గోండులు పోడు భూములకై పోరాడుచుండిరి. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీము నిజాము బలగముల తుపాకులకు నేలకొరిగెను. మిల్లే దానికి హేతువని నేననను. కాని వెదురును లెక్కించిన దొరతనము ఆ వెదురు నడుమ బ్రతుకువారిని వాటాదారులుగా లెక్కింపలేదు. 2014లో ఆ మిల్లు మూతపడి, 2018లో జేకే పేపరు కంపెనీ చేతికి వచ్చి మరల నడచినది. నడుమ కాలమున కార్మికుల కుటుంబములకు లాభములో పాలు లేకపోయినను, నష్టములో మాత్రము పాలు దొరకెను.

ఓర్పు లేని ధనము గతి అమెరికాలో కనబడినది. 2006 మొదలు 2011 వరకు అచటి వెంచర్ ధనికులు ఇట్టి సంస్థలలో 2,500 కోట్ల డాలర్లు పెట్టి, సగమునకు మించి పోగొట్టుకొనిరని మసాచుసెట్సు సాంకేతిక విద్యాపీఠమువారు 2016లో లెక్కగట్టిరి. కంప్యూటరు పనులవలె ఇవి మూడు నాలుగేండ్లలో ఫలింపవు. యంత్రము కావలెను, స్థలము కావలెను, కాలము కావలెను.

ఋజువైన పనికి ధనము కొరవడదు. రామగుండము జలాశయముపై సుమారు 500 ఎకరాల మేర తేలుచున్న సూర్యఫలకములను ఎన్టీపీసీ వారు 423 కోట్ల రూపాయలతో అమర్చిరి. 2022 జులై నుండి అవి నూరు మెగావాట్ల శక్తితో పూర్తిగా పనిచేయసాగెను. బొగ్గు కాల్చిన సంస్థయే ఎండను పట్టుట నాకు వింతగా తోచును. ఇక చిన్నవారి సంగతి. హైదరాబాదులో పుట్టిన ఖేతీ యను సంస్థ, చిన్న కమతముల రైతులకై వలకప్పు పందిరిని, బిందుసేద్యమును చేర్చి తక్కువ వెలకు కూర్చినది. 2022లో దానికి ఇంగ్లండు యువరాజు విలియము నెలకొల్పిన ఎర్త్‌షాట్ బహుమానము పది లక్షల పౌనులు లభించెను. బహుమానము తిరిగి ఈయనక్కరలేదు. రైతుకు మాత్రము ఆ సంస్థ బ్యాంకు అప్పు కుదుర్చును. అప్పు అప్పే గాని పాలు కాదు. గాలివానకు పందిరి చినిగిన యేట వాయిదా ఆగునా యని వ్రాలు చేయక మునుపే అడుగుట మన పెద్దల పని.